మీరెంత అంటే అంత

చర్లపల్లి
జూన్ 2024

సోమక్కకు, యాకయ్య రాసేది.

నీ నంబరు ఇక్కడి జైలు ఫోన్ రిజిస్టర్లో రాయించాను. రెండుసార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. అంగన్‌వాడీ పిల్లల గోలలో వినపడి ఉండదు. అందుకే ఈ కాగితం. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇన్ని మాటలు ఒక్కచోట రాయడం ఇదే. ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీల ముఠా మేస్త్రీగా లారీ నంబర్లు రాసిన చెయ్యి, ఇట్లా వాక్యాలు రాయమంటే మొరాయిస్తున్నది.

నన్ను వంటశాలలో వేశారు. బియ్యం బస్తాలు దించే పని. హమాలీవి కదా అని ఇచ్చారు. బస్తా లాగడానికి కొక్కెం మాత్రం ఇవ్వరు. ఎందుకివ్వరో అడగలేదు, అడిగే ముఖం నాకెక్కడిది?

అసలు సంగతికి వస్తాను. ఉచిత న్యాయ సహాయం కింద హారిక అని ఒక లాయరమ్మ వచ్చింది. హైకోర్టులో అప్పీలు వేస్తుందట. మొదటే చెప్పేసింది: "మీరు కొట్టలేదని నేను వాదించను. యార్డంతా చూసింది. పదేళ్ళ శిక్ష ఎక్కువని మాత్రమే వాదిస్తాను." నేనూ అదే కోరుకున్నాను. కొట్టింది నేను. బావ ఎడమ కన్ను పోయింది నా కొక్కెంతోనే. దాన్ని కాదని ఏ దేవుడి ముందూ అనను.

తర్వాత తీర్పు కాగితాలు తిప్పుతూ అడిగింది, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి గారు అడిగినప్పుడు మీరేమన్నారు?" అని. తువ్వాల తీసి కింద పరిచి, తల దించి, "మీరెంత అంటే అంత సారు" అన్నానని చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

మన హమాలీ సంఘం పంచాయితీ నీకు తెలుసు. తప్పు చేసినవాడు నాకు పిల్లలున్నారు, తగ్గించండి అని బేరమాడితే పెద్దలకు మండుతుంది. తువ్వాల పరిచి మీరెంత అంటే అంత అన్నవాడికి సగం అక్కడే పోతుంది. నేనే మేస్త్రీగా ఎందరికో సగం కొట్టేశాను. అదే మాట కోర్టులో అన్నాను. "నిందితునిలో పశ్చాత్తాపం లేదు, శిక్షను లెక్కచేయనట్టు జవాబిచ్చాడు" అని తీర్పులో రాశారట. కానిస్టేబులేమో తువ్వాల తియ్యి, తియ్యి అని నా భుజం తట్టాడు. అప్పుడైనా నాకు తట్టలేదు.

లాయరమ్మ మరో మాట చెప్పింది. దెబ్బ తిన్న మనిషే శిక్ష తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదని ప్రమాణపత్రం ఇస్తే, హైకోర్టు దాన్ని తప్పకుండా చూస్తుందట. బావను నేను అడగలేను. నువ్వే అడగాలక్కా.

నీ తమ్ముడు
యాకయ్య


కాశిబుగ్గ
జూలై 2024

యాకయ్యకు,

ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తనిది పిల్లల గోల వల్ల కాదు. ఫోన్‌లో మాట్లాడను. రాయి, చదువుతాను.

మీ బావకు గాజు కన్ను పెట్టారు. పొద్దున తీసి కడిగి మళ్ళీ పెట్టాలి. ఆయనకు అద్దంలో సరిగా కుదరదు కాబట్టి నేనే పెడుతున్నాను. రంగు కొంచెం తేడా వచ్చింది. "గీ కన్ను ఏ దొరదో, నాకంటే తెల్లగున్నది" అని దవాఖానలో నర్సులను నవ్వించాడు. నేను నవ్వలేదు.

తువ్వాల పరిచిన సంగతి చదివాను. ఊళ్ళో చెల్లిన నాణెం పట్నంలో చెల్లుతుందనుకున్నావు. జడ్జి గారికి మీ సంఘం ఆచారం ఎవరు చెప్పాలి? నీ వకీలు చెప్పాలి. ఆయన ఆ రోజు రాలేదు, జూనియర్‌ను పంపాడు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను. లేచి చెప్పవచ్చో చెప్పకూడదో నాకూ తెలియదు. చెప్పలేదు.

హారిక నాకూ ఫోన్ చేసింది. హైదరాబాదు నుంచి మాటిమాటికి రావడం కుదరదట, మీ బావ ఒప్పుకోగానే కబురు చేస్తే ప్రమాణపత్రం రాసి తెస్తుందట. అడుగుతాను. సమయం చూసుకుని అడగాలి. తొందరపెట్టకు.

సోమక్క


చర్లపల్లి
సెప్టెంబర్ 2024

అక్కా,

రాఖీ రాలేదు. పోస్టాఫీసు వాళ్ళు ఎక్కడో పారేసి ఉంటారు. ఇక్కడ చాలామందికి వచ్చాయి. మా బ్యారక్‌లో ఒకాయన మోచేతి దాకా కట్టించుకుని తిరుగుతున్నాడు, అంతమంది అక్కచెల్లెళ్ళుండి జైలుకెట్లా వచ్చాడో.

అప్పీలును హైకోర్టు తీసుకుంది. అది తేలేదాకా బెయిలు మీద విడిపించమని వేరే అర్జీ పెట్టారు. బావ పత్రం ఉంటే ఆ బెయిలు వచ్చేస్తుందని లాయరమ్మ నమ్మకం. అడిగావా?

ఆ రోజు సంగతి నీకు నేను ఎప్పుడూ చెప్పలేదు. పోలీసులు చెప్పింది విన్నావు, యార్డువాళ్ళు చెప్పింది విన్నావు. నా నోట విను. మిర్చి లారీ ఎక్కించే వంతు బావది. ఆయన తాగి వచ్చాడు. నెత్తిన బస్తాతో, లారీకి ఆనించిన చెక్క మీద ఎక్కితే కింద పడతాడని వంతు ఇంకొకడికి ఇచ్చాను. మేస్త్రీగా అది నా పని. బావ అందరి ముందూ అన్నాడు, "నీకు కొక్కెం పట్టుడు నేర్పిందెవర్రా? నేను యార్డుకు తోలుకరాకపోతే నువ్వు బర్రెలు కాసుకుంట ఉందువు" అని. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే మండింది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. కొక్కెం భుజం మీదే ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. విసిరిన తర్వాత గానీ విసిరానని తెలియలేదు.

ఇది చెప్పి తగ్గించుకోవాలని కాదు. నీకు తెలియాలని.

యాకయ్య


కాశిబుగ్గ
అక్టోబర్ 2024

యాకయ్యకు,

దసరా పండుగ అయింది. మీ బావ సంగతి ఇంకా తేలలేదు.

ఆయనను ఏ ముఠా కూడా తీసుకోవడం లేదు. ఒంటి కంటివాడికి చెక్క ఎంత దూరంలో ఉందో తెలియదు, కాలు జారితే మాకు చుట్టుకుంటది అంటారు. వాళ్ళది తప్పనను. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కూర్చుంటున్నాడు. వచ్చేపోయే బండ్ల నంబర్లు చెప్తే ఇంకొకరు రాసుకుంటారు. ఇంట్లో గ్లాసులో మంచినీళ్ళు పోయబోయి పక్కన పోసేవాడు. ఇప్పుడు చెంబు అంచును గ్లాసు అంచుకు తాకించి పోయడం నేర్చుకున్నాడు. టక్ మని చప్పుడవుతుంది. నేను ఏ గదిలో ఉన్నా వినిపిస్తుంది.

నువ్వు రాసింది చదివాను. వంతు తీసేయడం సరే. మిగతాది నాకు చెప్పనక్కర లేకుండె.

సోమక్క


చర్లపల్లి
ఫిబ్రవరి 2025

అక్కా,

బెయిలు అర్జీ కొట్టేశారు. గాయపడిన వ్యక్తి వైఖరి తెలియలేదు అన్నారట. ఇక అప్పీలు వంతు వచ్చేదాకా లోపలే. లాయరమ్మ నాకంటే ఎక్కువ దిగులు పడింది. నేనే ఆమెకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

బావ మీద నాకు కోపం లేదని ఆయనకు చెప్పు. ఒప్పుకోకపోవడం ఆయన హక్కు. మేస్త్రీగా నేను ఎన్నో పంచాయితీలు చేశాను, దెబ్బ తిన్నవాణ్ణి ఒప్పించడమే అన్నిటికంటే కష్టం. తిట్టనియ్యాలి, ఏడవనియ్యాలి, నాలుగు దినాలు వదిలేయాలి. తర్వాత వాడే వస్తాడు. బావనూ అట్లాగే వదిలెయ్యి. మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించకు.

నీ మరదలు రమ ములాఖత్‌కు వచ్చింది. ఈ సీజనంతా యార్డులో మిర్చి తొడిమెలు తీసే పనికి పోతున్నదట. నీ ఇంటికి రావడానికి మొహం చెల్లడం లేదంటుంది. నేను చేసిన పనికి అదెందుకు సిగ్గుపడాలో నాకు తెలియదు, కానీ పడుతున్నది.

యాకయ్య


చర్లపల్లి
మే 2025

సోమక్కకు,

మొన్న రమ వచ్చి ఒక మాట చెప్పింది. కోల్డ్ స్టోరేజీ ముందు నుంచి పోతుంటే బావ పిలిచాడట. "రమా, యాకయ్య కేసు ఏమాయె? నేను దసరాకే సై అన్న గదా. లాయరమ్మ కాయిదం ఏది? సంతకానికి ఎవ్వరు రాకపాయె" అన్నాడట.  ములాఖత్ అద్దం అవతల నుంచి అదే మాట నాతో రెండుసార్లు చెప్పింది.

బావ దసరాకే సై అన్నాడా?

యాకయ్య


కాశిబుగ్గ
జూన్ 2025

యాకయ్యకు,

అన్నాడు. అడిగిన రోజే అన్నాడు. "ఇయ్యాల్నే పిలువు లాయరమ్మను" అన్నాడు. పిలిచానని చెప్పాను. హారికకు ఇంకా తేలలేదని చెప్పాను. నీకూ అదే రాశాను. రాఖీ పోస్టులో పోలేదు, నేను పంపలేదు.

మీ బావకు అప్పుడే కరిగిపోయింది. ఆయన అంతే, తాగినా తాగకపోయినా కోపం పొద్దుగూకే దాకా ఉండదు. ఆయన క్షమిస్తే క్షమించనీ. కన్ను ఆయనది. కానీ ఆ రెండు కళ్ళ మీద నడిచిన ఇల్లు నాది. పొద్దున్నే లేచి ఆ గాజు ముక్కను కడిగేది నేను. అది అరచేతిలో చల్లగా ఉంటుంది. దాన్ని కడిగిన ప్రతి పొద్దునా నువ్వు గుర్తొస్తావు. చిన్నప్పుడు నా చంకలో ఉన్న నువ్వు కాదు, కొక్కెం విసిరిన నువ్వు.

పదేళ్ళు ఎక్కువ. ఆ రోజు కోర్టులోనే అనుకున్నాను. నీ కోసం నా కడుపు కాలింది కూడా. మరి ఎంతయితే సరి? లాయరమ్మ తగ్గించాలంటుంది. సంఘం తగ్గించాలంటుంది. మీ బావ చాలు చాలు అంటాడు. నువ్వు పెద్దలకు మీరెంత అంటే అంత అని తల వంచుతావు, జడ్జికీ వంచావు. ఎంతన్నది చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. సరే, నాకు నేనే చెప్పుకుందామనుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఉండనీ, నాకు సరిపోయినప్పుడు పిలుస్తానులే అనుకున్నాను. నెలలు పోయాయి, సరిపోలేదు. పదేళ్ళకు కూడా సరిపోదేమోనని భయం వేసింది.

నీ బెయిలు పోయింది నా వల్ల. ఏమనుకుంటావో అనుకో.

సోమక్క


చర్లపల్లి
జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. వంటశాలలో ఆ పూట నన్ను చూడమన్న అన్నం గంజి వార్చకుండా మాడబెట్టాను. అందరి తిట్లూ తిన్నాను. తర్వాత కోపం ఎటో పోయింది.

దెబ్బ తిన్నవాణ్ణి ఒప్పించడం గురించి నీకు పెద్ద మనిషిలా పాఠం చెప్పాను. దెబ్బ తిన్నది ఎవరో నాకే తెలియలేదు. ఇన్ని పంచాయితీలు చేసిన నేను ఒక్కనాడూ దెబ్బలు తిన్నవాడి పెండ్లాన్ని పిలిచి కూర్చోబెట్టలేదు. ఆమె పక్కనే నిలబడి ఉండేది. మాట అయిపోయాక మొగుణ్ణి తీసుకుని ఇంటికి పోయేది.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. తగ్గుతుందన్న ఆశతో అడగడం లేదు. ఎంత? నువ్వు పదేళ్ళంటే పదేళ్ళు. అప్పీలు వాపసు తీసుకుంటానని లాయరమ్మకు చెప్పాను. ఆమె తల పట్టుకుంది. నీ జవాబు వచ్చేదాకా ఆగమని బతిమాలింది. ఆగాను.

యాకయ్య


కాశిబుగ్గ
జూలై 2025

యాకయ్యకు,

అప్పీలు వాపసు తీసుకోకు.

నిన్న రమ అంగన్‌వాడీకి వచ్చింది. ఇంటికి రాలేక అక్కడికి వచ్చినట్టుంది. ఏమీ అడగలేదు. పిల్లలకు అన్నం పెడుతుంటే లేచి తనూ వడ్డించబోయింది. చేతులు చూశాను. మిర్చి ఘాటుకు వేళ్ళ చర్మం ఎక్కడికక్కడ లేచిపోయింది. అన్నం వేడి తగలగానే ముఖం పక్కకు తిప్పుకుంది. కూర్చోబెట్టి మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టించాను.  నీకు వేసిన పదేళ్ళు నువ్వొక్కడివే గడపడం లేదు. అది నేను లెక్కలో వేసుకోలేదు.

ఎంత అని అడిగావు. నాకు తెలియదు. అడిగావు కాబట్టి ఇప్పుడు తెలియదని చెప్పగలుగుతున్నాను. ఎంతన్నది జడ్జీలనే చెప్పనీ, వాళ్ళకు జీతాలిచ్చేది అందుకే కదా.

హారికకు ఫోన్ చేశాను. దసరా సంగతి కూడా దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మీ ఆయనను తీసుకుని మీరూ రండి అంది.

సోమక్క


కాశిబుగ్గ
డిసెంబర్ 2025

యాకయ్యకు,

రమ నీకు చెప్పే ఉంటుంది, అయినా కళ్ళారా చూసింది నేను కాబట్టి రాస్తున్నాను.

మీ బావా నేనూ పొద్దున రైలుకు పోయాం, రమ కూడా వచ్చి కోర్టు బయటే ఆగింది. మీ బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నల్లద్దాలు పెట్టుకున్నాడు. హైకోర్టులో లిఫ్టు దగ్గర ఎవరో వకీలనుకుని దారి ఇచ్చారు. ఆ గొప్పతో మధ్యాహ్నం దాకా మనిషి చేతికి అందలేదు.

మన కేసు భోజనాల వేళకు ముందు వచ్చింది. హారిక తడబడకుండా మాట్లాడింది. నువ్వు తువ్వాల ఎందుకు పరిచావో, ఆ మాటకు మన దగ్గర అర్థమేమిటో చెప్పి, సంఘం పెద్దలు రాసిచ్చిన పత్రమూ మీ బావ ప్రమాణపత్రమూ చూపింది. సర్కారు వకీలు లేచి, ఆచారం ఏదైనా కన్ను పోయిన మాట నిజమే కదా అన్నాడు. అదీ నిజమే. జడ్జి గారు మీ బావను ముందుకు రమ్మన్నారు. అద్దాలు తీయమన్నారు. తీశాడు. కాసేపు చూసి, మీరేం చెప్పదల్చుకున్నారు అని తెలుగులోనే అడిగారు.

"కొట్టిండు సారు. తప్పే. గని ఆ దినం నేను తాగి వచ్చిన. నన్ను చెక్క ఎక్కనియ్యకుంట ఆపిండు. ఎక్కితే బస్తా కింద పడి అప్పుడే పోతుంటి. గది ఎవ్వలు రాయలే" అన్నాడు.

నువ్వు రాసిన మాటే అది, ఆయన మాత్రం నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఒకే మంచంలో పడుకున్నాం.

జడ్జి గారు శిక్ష మూడేళ్ళకు తగ్గించారు. దెబ్బ చిన్నది కాదని, కానీ మొదటి తప్పనీ, ఆవేశంలో జరిగిందనీ, కింది కోర్టులో నీ మాటను నిర్లక్ష్యమని అనుకోవడం పొరపాటనీ చెప్పారు. రమ బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. మూడేళ్ళు అన్న మాట విన్నప్పుడు, ఇక ఆ లెక్క నేను పెట్టుకోనక్కర లేదనిపించింది. అంతే.

సోమక్క


చర్లపల్లి
జూన్ 2026

అక్కా,

కేసు నడిచినప్పుడు లోపలున్న నెలలూ, పనికి ఇచ్చే తగ్గింపులూ అన్నీ కలిపి వచ్చే నెల విడిచిపెడతారట.

బావ చెప్పింది నువ్వు రాసినప్పటి నుంచి చాలాసార్లు చదివాను. నేను ఆయనను ఆపింది ప్రాణం పోతుందని. అర నిమిషం తర్వాత ఆ ప్రాణం మీదికే కొక్కెం విసిరాను. రెండూ ఒక్క చేతితోనే చేశాను. ఏది నేనో నాకే తెలియదు.

యార్డుకు మళ్ళీ పోను. మేస్త్రీ పని ఇచ్చినా చేయను. రమ తల్లిగారి ఊళ్ళో పత్తి చేలల్లో పని చూసుకుంటాం. వరంగల్‌లో దిగి మీ వైపు రాకుండానే పోతాను. బావకు చెప్పు. నీకు ఇబ్బంది పెట్టను.

యాకయ్య


కాశిబుగ్గ
జూలై 2026

యాకయ్యకు,

ఊరికి తర్వాత పోవచ్చు. ముందు ఇంటికి రా. మీ బావ కోడిని చెప్పి పెట్టాడు. రమ ముందు రోజే వచ్చి ఉంటుంది.

నేను వండుతాను, వడ్డిస్తాను. మాట్లాడతానో లేదో తెలియదు. మాట్లాడకపోతే బంధం తెగిందని అనుకోకు, మాట్లాడితే కోపం పోయిందనీ అనుకోకు. మళ్ళీ రా, మళ్ళీ వండుతాను.

వచ్చి కూర్చునేటప్పుడు అలవాటు కొద్దీ ఆయన ఎడమ పక్క కూర్చుంటావేమో. అటు ఆయనకు కనిపించదు. కుడి పక్కన కూర్చో. నిన్ను చూడాలని ఉందంటున్నాడు.

సోమక్క